అలుగు

ఆటోనగర్లో లారీలకు తొట్లు కడతాను.
రేకు మీద సుత్తి, సుత్తి కింద రేకు,
పంతొమ్మిదేళ్లు.
కుడి చెవి అటకెక్కింది.
ఎడమది నిచ్చెన వెతుక్కుంటోంది.
మామూలుగా మాట్లాడినా
పోట్లాడుతున్నానంటారు ఇంట్లో.

వేసవి నుంచి వాయిదా పడుతూ వచ్చిన ఆదివారం ఇది.
తిరుపతమ్మ పొద్దున్నించి మాట్లాడలేదు.
మాట్లాడిందేమో, నాకు తెలీదు.
నేనే బాడీ కట్టిన ట్రాలీ ఆటోలో
చాప పరిచి, అత్తగారికి ముక్కాలిపీట వేసి,
కోడికూర క్యారేజీ పిల్లల కాళ్ల మధ్య ఇరికించి
గొల్లపూడి దాటాం, గుంటుపల్లి దాటాం.
ఇబ్రహీంపట్నంలో థర్మల్ గొట్టాలు చూసి
మబ్బులు తయారయ్యేది ఇక్కడేనా అన్నాడు మావాడు.
ఎవరూ కాదనలేదు.

కొండపల్లి అడవి మొదట్లో గేటు.
వాచర్ మా నీళ్ల సీసాలు లెక్కపెట్టాడు. ఆరు.
ఆరూ వెనక్కి తెస్తేనే అరవై రూపాయలూ తిరిగిస్తానన్నాడు.
అక్కణ్నించి నడక.
ఏ చెట్టు ఏ నొప్పికో చెబుతూ
అత్తగారు దూరాన్ని రెండింతలు చేసింది.

డ్యామంటే సాగర్ లాంటిదనుకోకండి.
రెండు కొండల మధ్య రాళ్లు పేర్చి సిమెంటు పూసిన గోడ,
మా వీధి చివరి కల్యాణమండపమంత పొడవు.
మొన్నటి వానలకు నిండి
అలుగు పారుతోంది.
అలుగంటే ఏంటని అడిగాడు మావాడు.
మీ అమ్మే, అన్నాను.
గొణిగాననే అనుకున్నాను.
ఎదుటి కొండ అందరికీ ఇంకోసారి వినిపించింది.
అత్తగారు నవ్వింది.
తిరుపతమ్మ పళ్లాలు వేసింది.
నాకు మెడముక్క.

తిన్నాక పెద్దది, భవిష్య,
నా ఎడమ పక్కన చేరి
ఉత్తరం చదివినట్టు అడవిని చదివి పెట్టింది:
ఇప్పుడేదో పిట్ట, కుట్టుమిషన్ తొక్కినట్టు.
ఇప్పుడింకోటి, దానితో తగువు.
ఇప్పుడు ఆకులు.
ఇప్పుడు అమ్మమ్మ గురక.
నీళ్లు మాత్రం ఇందాకట్నుంచీ, నాన్నా, ఆగలేదు.

ఆకుల చప్పుడు ఎలా ఉంటుందే?
తడిబట్ట దులిపినట్టు అంది.
కాదు కాదు అంది.
నువ్వే విను నాన్నా అంది విసుగ్గా,
వెంటనే నాలుక కరుచుకుంది.

లేచి గోడ దగ్గరికెళ్లాను.
సొట్ట తేలిందో లేదో
చెవితో కాదు, అరచేత్తో చూస్తాం మేం.
చెయ్యి ఆనించాను.
నాచు. చలవ.
దాని లోపల సన్నగా వణుకు,
పక్క షెడ్డులో ఎవరో ఇంజను న్యూట్రల్లో వదిలేసినట్టు.
అడవంతా తడుముకుంటూ దిగొచ్చిన నీళ్లు
నా మోచేతి దాకా మాట్లాడాయి.

ఎంతసేపో తెలీదు.
గాజుల చెయ్యి ఒకటి నా చేతి పక్కన ఆనింది.
కుడివైపు.
పెదాలు కదిలాయి.
మామూలుగా అయితే, ఏంటీ, అని అరుస్తాను.
అరవలేదు.
ఆమె వెనకగా చుట్టూ తిరిగి
అటు పక్కన నిలబడ్డాను.
మళ్లీ చెప్పింది.

గేటు దగ్గర సీసాలు ఐదే లెక్కకొచ్చాయి.
ఆరోది అలుగు దాటి పోయిందని ఒప్పుకున్నాడు మావాడు.
ఆ పది రూపాయల సంగతి నేను మామూలుగానే అడిగాను.
వాచర్ రెండడుగులు వెనక్కేశాడు.
ఆయన మాటే అంత, అంది తిరుపతమ్మ,
వాచర్‌తో, నావైపు చూడకుండా.
అది మాత్రం వినిపించింది.