వేలు పెట్టిన చోటు

ఎల్వుడ్ తిబొడోకి రెండు చేతులకీ కలిపి ఎనిమిది వేళ్లు.
మిగతా రెండూ ఏవని అడిగితే
"మేపుల్ చెక్క అద్దె కింద తీసుకుంది" అంటాడు.

అక్టోబరులో ఆగస్టా పట్నంలో విచారణ పెట్టారు.
ఇకమీదట అమ్మే ప్రతి రంపపు బల్లా
చర్మం తగిలిన క్షణంలో ఆగిపోవాలని
చట్టం చేయాలా, వద్దా.
కంపెనీ మనిషి సాసేజ్ ముక్క తెచ్చాడు,
వేలికి బదులు.
గిర్రున తిరిగే పళ్ల మీదికి తోశాడు.
టప్!
చక్రం బల్ల కింద మాయం.
సాసేజ్ మీద చిన్న గీత,
గడ్డం గీసుకుంటుంటే పడేంత.
హాలంతా చప్పట్లు.
ఎల్వుడ్ కొట్టలేదు.

మైకు ముందు నిలబడి
"నా పనిలో మీరు వేలు పెట్టకండి" అన్నాడు.
ఎవరో కిసుక్కున నవ్వి, ఆయన చెయ్యి చూసి ఆపేశారు.

"నలభై ఏళ్లు ఈ రంపంతో కాపురం చేశాను.
దాని కోపం నాకు తెలుసు, నా పరధ్యానం దానికి తెలుసు.
ఆ బ్రేకు ఒక్కసారి పడిందా,
బ్రేకూ పోయె, పళ్లచక్రమూ పోయె.
గ్యారేజీలో మొదటి కుర్చీ చేసుకునే కుర్రాడు
రెట్టింపు ధర ఎక్కణ్ణుంచి తెస్తాడు?
పైగా తాళాలు చేసేవాడే వచ్చి
ఊళ్లో ప్రతి తలుపుకీ నా తాళమే వేయించండంటే
మీరు కలం మూత తీస్తున్నారు."

ఇందులో ఒక్క మాటా తప్పు కాదు.
వెనక వరసలో నేనూ తలాడించాను.
అప్పుడే నా మోకాళ్లకి
రంపప్పొట్టు గుర్తొచ్చింది.

నాకు పంతొమ్మిదేళ్లు. పనిలో చేరి మూడో వారం.
ఆయన అరవలేదు. మోటారు ఆపి,
చొక్కా విప్పి చేతికి చుట్టుకుని, ఎంతో మర్యాదగా
"డెల్ఫీన్, కాస్త వెతుకుతావా" అన్నాడు.
పిండి జల్లించినట్టు పొట్టు జల్లించాను.
ఒకటి దొరికింది. ఒకటి దొరకలేదు.
దొరికినదాన్ని గడ్డకట్టిన బఠాణీల సంచిలో దాచి
నలభై మైళ్లు ఒళ్లో పెట్టుకున్నాను.
వ్యాను నడిపింది ఆయన భార్య ఓడెట్.
దారంతా పల్లెత్తు మాట లేదు.
ప్రతి మలుపులోనూ మాత్రం
తప్పకుండా సిగ్నల్ ఇచ్చింది.

అతకలేదు.

వేళ్లు ఆయనవే. ఇష్టం కూడా ఆయనదే.
వెతుకులాట ఎవరిది?
ఆ బఠాణీల చలి ఇంకా నా తొడల మీదుంది,
నా సంతకం అడక్కుండానే.

నా పేరు పిలిచారు. లేచాను.
చేతిలో రాసుకొచ్చిన కాగితం.
ఎల్వుడ్ నావైపే చూస్తున్నాడు.
"చెప్పడానికేం లేదండీ" అని కూర్చున్నాను.
అది పిరికితనమో, మర్యాదో
నాకింకా తేలలేదు.

చట్టం ఇంకా నలుగుతూనే ఉంది.
మార్చిలో నేనే కొన్నాను ఆ బల్లని, అప్పు చేసి.
దాంతోపాటు ఒక తాళంచెవి వచ్చింది.
తడి చెక్క కోసేటప్పుడు
చెమ్మని చూసి చర్మమనుకోకుండా
బ్రేకుని నిద్రపుచ్చే చెవి.
మేకుకి తగిలించాను.

ఎల్వుడ్ చూడ్డానికొచ్చాడు.
గుర్రాన్ని బేరమాడేవాడిలా చుట్టూ తిరిగాడు.
మేకు దగ్గర ఆగాడు.
"ఇది నీ చేతిలోనే ఉంచారన్నమాట."
"ఊఁ."
"తిప్పావా ఎప్పుడైనా?"
"నిన్న. తడి దేవదారు."
"భయమేసిందా?"

వేసింది.
పన్నెండేళ్ల పనిలో మొదటిసారి
పది వేళ్లూ లెక్కపెట్టుకుని స్విచ్ నొక్కాను.
ఆ మాట చెప్పలేదు.

ఆయన బొటనవేలితో బల్ల అంచు తడిమి,
నునుపు ఒప్పుకుని,
"కింద పొట్టు పేరుకుపోయింది, ఊడ్చుకో" అన్నాడు.

ఊడ్చాను.
మెల్లగా,
ఇప్పటికీ
చూసుకుంటూ.