మూరెడు చోటు

వాషింగ్ మెషిన్ పక్కన మూరెడు చోటు దొరికింది.
వంటగట్టు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్క,
దాని మీద తడిపిన గోనెగుడ్డ, ఆ పైన సానరాయి,
సొట్టగిన్నెలో నీళ్లు.
మెషిన్ పిండేటప్పుడు మాత్రం ఆగాలి,
గోడతో పాటు నా మణికట్టూ వణుకుతుంది.

మత్తికెరె మొత్తానికీ ఒక్కడే సైకిల్ సాన దస్తగిరి.
వాచ్‌మన్ లోపలికి రానివ్వడు,
వాడి దగ్గర కత్తులున్నాయట.
గేటు బయట నిలబడే నేర్పాడు:
"వెన్ను కింద రెండు రూపాయి బిళ్లలు పెట్టు, అంతే వాలు.
అదమొద్దు సామీ,
రాయి పని రాయి చేసుకుంటాది."

బూడిదరంగు బురద ఊరింది.
బడిపలక ఉమ్మి తుడిచిన వాసన.
బొటనవేలికి అడ్డంగా తాకిస్తే ఇంకా గరుకే.
ఇంకో ఇరవై తోపులు.
టమాటా మీద ఊరికే ఆనించాను,
తన బరువుకే దిగిపోయింది.

ఆ చప్పుడు విని ఎదురింటి పుట్టలక్ష్మమ్మ
మొద్దుబారిన కొబ్బరికత్తి తెచ్చింది.
చెయ్యి చాపాను.
"చేతికివ్వకూడదు, పగొస్తుంది" అని
గడప మీద పెట్టి ఒకడుగు వెనక్కేసింది.

ఆరేళ్లుగా ఎదురెదురు తలుపులు.
లోపల మెషిన్ పిండుతోంది.
అది ఆగేదాకా మాట్లాడుకున్నాం,
మధ్యలో కత్తి.