గిద్ద తక్కువ

కిటికీ బయట మైనస్ ముప్పై నాలుగు.
నా బల్ల మీద రెండు పాఠ్యప్రణాళికలు
కొత్త వియ్యంకుల్లా పక్కపక్కనే,
మొహమాటంగా, మాటల్లేకుండా.

పంతొమ్మిదేళ్ళుగా నా పని ఇదే.
ఉత్తర మానిటోబాలో, సరస్సు ఒడ్డు కాలేజీలో
పిల్లలు నేర్చుకున్నది
విన్నిపెగ్ యూనివర్సిటీ లెక్కలో ఎంతవుతుందో తేల్చడం.
ఈ ఊరి సోల ఆ ఊళ్ళో గిద్ద తక్కువ.
ఆ గిద్ద ఎటు పోయిందో ఆరా తీసే ఉద్యోగం.
పేరు విల్మా పెనర్.
కుర్చీకి ఎడమ చెయ్యి ఊగుతుంది.

ఈసారి వచ్చిన కాగితం లీలండ్ స్పెన్స్‌ది.
నీటి శాస్త్రం, రెండో భాగం. ఏ మైనస్.
అవతలి నుంచి బొహ్దాన్ స్లోబోదియన్ జవాబు
రెండే మాటలు: సమానం లేదు.
ప్రయోగశాల గంటలు నలభై ఎనిమిది ఉండాలట.
మా కాగితంలో ఉన్నది గుండుసున్నా.

ఆ సున్నా పెట్టిన మేష్టారికి ఫోన్ చేశాను.
గారీ ఫ్లెట్ కాసేపు దగ్గాడు.
"ప్రయోగశాల కప్పు మంచు బరువుకి కూలి
ఆరేళ్ళయింది, విల్మా.
పిల్లల్ని సరస్సు మీదికి తీసుకెళ్ళేవాణ్ణి."
మరి గంటలు రాయలేదేం?
"రాయబోతే గది నంబరు అడిగింది మీ కంప్యూటరు.
సరస్సు అని కొట్టాను. తప్పంది.
ఇంగ్లీషులో కొట్టాను, క్రీ భాషలో కొట్టాను. తప్పే.
సున్నా కొడితే
థాంక్యూ అంది."

వారానికి లీలండ్ నోటుబుక్కు దిగింది
సరుకుల లారీలో, పిండి బస్తాల మధ్య.
అంతా పెన్సిలే. అక్కడ సిరా గడ్డకడుతుంది.
"ఫిబ్రవరి తొమ్మిది. మంచు మందం ఎనభై ఒక సెంటీమీటర్లు.
అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతోంది.
మంచు తొలిచే బర్మా పిడి విరిగింది,
మావయ్యది అడిగి తెచ్చాం."
ఇంకో పేజీకి ఒక చేప పొలుసు
అంటుకుని ఉంది, సాక్షి సంతకంలా.

రాత్రి కూర్చుని గంటలు కూడాను.
పదమూడు సార్లు వెళ్ళారు. మొత్తం నలభై ఆరున్నర.
గంటన్నర తక్కువ.
కలిపెయ్యొచ్చు. ఎవరు చూడొచ్చారు?

మా నాన్న గోధుమలు తూచేవాడు, రైలు పట్టాల పక్క గిడ్డంగిలో.
ముల్లు నిలబడేదాకా
రైతూ ఆయనా ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు.

నలభై ఆరున్నరే రాశాను.

మూడు రోజులకి స్లోబోదియన్ రాశాడు, మర్యాదగానే.
మూడు క్రెడిట్లూ ఇస్తాం,
నీటి శాస్త్రం కింద మాత్రం కాదు,
పేరు పెట్టని ఐచ్ఛికం కింద.
అంటే మొత్తంలో కలుస్తాయి,
పై మెట్టు ఎక్కనివ్వవు.

లీలండ్‌కి చెప్పాను.
చాలాసేపు ఫోన్లో గాలి చప్పుడు.
"అయితే నాకు తెలుసని ఒప్పుకున్నారు," అన్నాడు,
"ఏం తెలుసో తప్ప."

అప్పీలు పెట్టాను. సెప్టెంబరు దాటితే గానీ తేలదు.
ఈలోగా అతను అదే కోర్సు మళ్ళీ చదువుతాడు,
ఆరువందల ఎనభై డాలర్లు కట్టి,
నంబరున్న గదిలో,
కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళతో.
గది నంబరు గడి సంగతి ఐటీ వాళ్ళకి రాశాను.
మీ విన్నపం అందింది, అని
కంప్యూటరే జవాబిచ్చింది.

ఒక్క సంగతి చెప్పడం మరిచాను.
నోటుబుక్కు స్కాన్ చేస్తుంటే
ఆ పొలుసు ఊడి గాజుకి అతుక్కుంది.
అప్పట్నుంచి నేను పంపే ప్రతి మార్కుల జాబితా మీదా,
నర్సింగు పిల్లలదైనా, వడ్రంగం పిల్లలదైనా,
కుడి మూలన గోరంత మచ్చ,
గీతలు గీతలుగా, చెట్టు మొద్దు కోసినట్టు.

నిన్న విన్నిపెగ్ నుంచి ఎవరో కొత్తమ్మాయి అడిగింది,
ఇది మీ కాలేజీ ముద్రా అండీ అని.

అవునన్నాను.