కుచేల

మామిడికాయ కోరేటప్పుడు మాటలుండవు,
మాట్లాడితే వేలు తెగుద్ది.
అందుకే ఆమె కథ నాకు ముక్కలుగానే తెలుసు,
బుట్టకొకటి.

పేరు వెర్నా చెంగయ్య.
ఉలవపాడులో బస్సు దిగిన రోజే
సపోటాల పిచ్చమ్మ అడిగేసింది:
"చెంగయ్య మీ ఇంటిపేరా? అదెట్టా కుదురుద్దే?
అది మనిషి పేరు గదా!"
"మనిషే" అంది వెర్నా.
అప్పటికి ఆమెకొచ్చిన తెలుగు అంతే.

ఆ మనిషి ట్రినిడాడ్ ఓడెక్కిన నాడు
కాగితంలో ఇంటిపేరుకి గడి లేదు.
నంబరుంది. ఎత్తుంది. ఎడం మోచేతి మీద మచ్చ ఉంది.
జిల్లా నెల్లూరు, తాలూకా కందుకూరు,
ఊరు దగ్గరికొచ్చేసరికి సిరా అలుక్కుపోయింది.

ఆ మరకలో ఏ ఊరైనా పట్టుద్ది.
కరేడు పట్టుద్ది, రామాయపట్నం పట్టుద్ది,
మా అమ్మ పుట్టిన మన్నేటికోటా పట్టుద్ది.
తిరిగి తిరిగి కాళ్ళు నొప్పెట్టి
మామిడికాయలున్న చోట ఆగిపోయానంది.

ఆ ఏడు వైశాఖంలో గాలి లేచింది.
తెల్లారేసరికి కాయంతా నేల మీద.
రాలిన కాయకి లారీ రాదు.
మౌలాలి నాలుగెకరాల కాయ రోడ్డు వారన కుప్ప పోసి
టార్పాలిన్ కప్పాడు,
ఇంట్లో ఎవరో పోయినట్టు.

వెర్నా టార్పాలిన్ ఎత్తి ఒక కాయ కొరికింది.
కళ్ళు మూసుకుపోయాయి పులుపుకి.
"మా నాయనమ్మ" అంది.
కిలో పన్నెండుకి మొత్తం కొనేసింది.
బేరమాడలేదని మౌలాలికి
ఇప్పటికీ అనుమానమే.

కోరాలి. పిండాలి. పుల్లనీళ్ళు పోవాలి.
గుడ్డ మీద ఎండాలి.
వేయించి దంచిన మసాలా, వెల్లుల్లి, మిరప, ఆవనూనె.
నువ్వులనూనె పోద్దామంటే ఒప్పుకోలేదు.
రెండో ఏడు తనే అడిగింది,
కొంచెం కలిపి చూద్దామా అని.

"పేరేందమ్మా దీనికి?"
"కుచేల."

పన్నెండు మంది చేతులు ఆగిపోయాయి.

మా కుచేలుడు
చిరుగుల పైపంచెలో పిడికెడు అటుకులు కట్టుకుపోయి
ఇచ్చేదానికి సిగ్గుపడ్డవాడు.
ఆమెకా సంగతి తెలీదు.
ఆ పేరు ఎట్టొచ్చిందో అక్కడ ఎవరికీ తెలీదంట.
కోమలమ్మ ఉప్పు కలుపుతూనే కథంతా చెప్పింది:
ఆయన ఏమీ అడక్కుండానే తిరిగొచ్చాడనీ,
ఈయన ఏమిచ్చిందీ చెప్పలేదనీ,
ఇంటికి పోయి చూసుకుంటేనే తెలిసిందనీ.

వెర్నా మూత పెట్టని సీసా ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు కూర్చుంది.
ఆ పూట కూలి లెక్క తప్పు రాసింది,
మాకే ఎక్కువొచ్చింది. తిరిగిచ్చేశాం.

తర్వాత చీటీ మొదలెట్టింది.
వాళ్ళ దీవిలో సూసూ అంటారంట,
పిల్లకాయలు ఆ మాటకి పడీపడీ నవ్వారు.
మనిషికి రెండువేలు. పాట లేదు, కమీషన్ లేదు.
మేం పన్నెండు మందిమి, ఆమె పదమూడు.
పదమూడో చెయ్యి మాలో ఎవరిదీ కాదు.
ఎవరికో ఒక మాట అనుకుంటాం,
చీకటి పడ్డాక వాళ్ళ గడపలో పెట్టొస్తాం.
చెప్పకూడదు. అదే నియమం.

పట్టపుపాలెం పోలయ్యకి ఇంజను పోయిందిగా,
ఆ ఏడు ఆయనకి.
మర్నాడు సముద్రం మీద ఆ చప్పుడు విని
కోమలమ్మ ఏమీ ఎరగనట్టు
"ఎవరి పడవో" అంది.

ఇప్పుడు సీసాలు ఒంగోలు దాటి పోతున్నాయి.
చీటీ మీద ఊరు రాయాల్సిన చోట
వెర్నా ఆ పాత కాగితం మరకే వేయించింది.
అచ్చాఫీసు కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేశాడు.
మూడోసారి ఆమె లేదు, నేనెత్తాను.
"మరక పడిందమ్మా, తీసేసి కొట్టమంటారా?"

నా వేళ్ళ నిండా కాయ జిగురు.
భుజంతో ఫోన్ నొక్కిపట్టి
"దాన్ని ముట్టుకోమాక" అన్నాను.