తరుగు

గోషామహల్ కట్టెల అడితిలో
నా పని లెక్క రాయడం.
దుంగ వచ్చిన తేదీ, పొడవు, చుట్టుకొలత, వయసు,
కొనమీద కొట్టిన రేకుబిళ్ళ నంబరు,
చివరి గడిలో ఎర్రసిరాతో: తరుగు.

పోయిన ఏప్రిల్‌లో ఓ దుంగ దిగింది.
సముద్రం దాటి, రేవు దాటి,
శంషాబాద్ దగ్గర లారీ టైరు పేలి ఒక రాత్రి ఆగి.
ముగ్గురు చేతులు కలిపితే గానీ చుట్టు అందలేదు.
వేల్జీభాయ్ కళ్ళద్దాలు నుదుటికెక్కించి
"దీని వయసెంత?" అన్నాడు.

షర్ఫుద్దీన్ మేస్త్రి మోకాళ్ళమీద కూచున్నాడు.
నలభై ఏళ్ళుగా కోతమొహం మీద వేలుపెట్టి
ఏళ్ళు లెక్కపెడుతున్న మనిషి.
ఆదిలాబాద్ టేకులో
కరువొచ్చిన ఏడు గీత సన్నగ ఉంటదని,
వానలు పడ్డ ఏడు కాళ్ళు చాపుకుంటదని
నాకు చూపించినవాడు.
ఈ మొహాన్ని చాలాసేపు తడిమాడు.
"ఇందుల ఏళ్ళు లేవమ్మా.
ఎండాకాలం అంటే ఏందో తెల్వని చెట్టు ఇది.
ఎన్నడూ ఆగలే. ఆగితే గదా గీత పడేది."

వయసు గడి ఖాళీగా వదిలేశాను.

రంపం దిగింది.
బయట నలభై మూడు డిగ్రీలు.
తారు మెత్తబడ్డ బజారులో
ఒక్కసారిగా వాన వాసన.
అడితి కుక్క లేచి ఆకాశం చూసింది.
చాయ్ తెచ్చిన పిలగాడు గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.
పొట్టులో అరచెయ్యి పెడితే
కుండ అడుగు తడిమినట్టుంది.

నడిమధ్య ఒక తొర్ర. అందులో నల్లటి మైనం,
మెంతిగింజంత అరలు, ఏ తేనెటీగలవో.
ఇన్‌వాయిస్‌లో ఆ సరుకు పేరు లేదు.

పలకలు పేర్చి, మధ్యన బద్దలు పెట్టి ఆరబెట్టారు.
ఒక పలకకి సుద్దతో గుర్తు పెట్టి వారం వారం తూచాం.
మొదటి వారం రెండు కిలోల ముప్పావు తగ్గింది.
తర్వాత రెండు. తర్వాత కిలోన్నర.
ఎర్రసిరాతో రాస్తూ రాస్తూ ఒకరోజు ఆగిపోయాను.
ఇది కట్టె తరగడం కాదు.
ఆకు మీంచి ఆకు మీదికి జారి
కప్ప వీపు తడిపి, వేరులోకి దిగి, మళ్ళీ కొమ్మెక్కి
అక్కడే మేఘం కావాల్సిన నీళ్ళు
గోషామహల్ గాలిలో కలిసిపోతున్నాయి.
ఇక్కడ ఒక మబ్బుకి కూడా చాలవు.

దుంగతో పాటు ఓ కాగితం వచ్చింది, ఆకుపచ్చ ముద్రతో.
ఎకరాకి ఇన్నే కొట్టాలట.
విత్తనాల తల్లిచెట్లకు రంగు పూసి వదలాలట.
కొట్టిన చోటికి ముప్ఫై ఏళ్ళదాకా గొడ్డలి తిరిగి రాకూడదట.
మంచి మాటలే.
వాటిని నిజంగా లెక్క రాసే మనిషి
అక్కడా ఒకరుంటారు కాబోలు,
బురదలో, జలగలు పట్టిన పిక్కలతో, నాలాంటి జీతానికి.
సంతకం కోసం వెతికాను.
ముద్ర మాత్రమే ఉంది.

"షాలిబండలో ఇల్లు కూల్చిన పాత టేకు ఉంది,
మేకుల బొక్కలుంటాయి గానీ
మన మనవలదాకా ఢోకా లేదు"
అని కొనేవాళ్ళకు చెప్పి చూశాను.
వేల్జీభాయ్ వినకుండా.
ఇద్దరు తీసుకున్నారు.
మూడోవాళ్ళది కోకాపేట, ఇరవైయేడో అంతస్తు.
సింహద్వారానికి కొత్తదే కావాలన్నారు.

జులైలో ఫోను.
తలుపు పడట్లేదు, ఉబ్బింది, మేస్త్రిని పంపండి.

రందా సంచిలో వేసుకుని బయల్దేరాడు.
బిల్లు పుస్తకంతో నేనూ.
లిఫ్ట్ తెరుచుకుంటే అద్దాల నిండా వాన,
కింద ఊరు కనబడటం లేదు.
షర్ఫుద్దీన్ తలుపు అంచుమీద చెయ్యి ఆనించి
ఆ రోజు దుంగ మొహాన్ని తడిమినట్టే తడిమాడు.
"రెండు పొరలు తీస్తే సరిపోతుంది కదా" అంది ఇంటావిడ.
"సరిపోతదమ్మా" అన్నాడు.
రందా మాత్రం బయటికి తీయలేదు.
"ఇప్పుడు తాగనియ్యుండ్రి.
వానలు ఆగినంక వస్త."

బిల్లు పుస్తకం తెరవకుండానే
నేను లిఫ్ట్ బటన్ నొక్కాను.