రెండంగుళాల నేత

బళ్లారి చౌరస్తా దాటినాక
పాత కార్ల షెడ్డులో నా కొలువు.
చచ్చిన బండిలోంచి
బతికున్న సామాను విప్పడం.

అంతకు ముందు ఎమ్మిగనూరులో మగ్గం.
ఆ గుంట పూడ్చి
మా తమ్ముడు దాని మీద స్కూటరు నిలబెడతాడు.
చేతులే ఇంకా మర్చిపోల్యా,
ఏ గుడ్డ దొరికినా బొటనవేలు
పోగులు లెక్కబెట్టను పోతుంది.

సీటు బెల్టు మొదటిసారి పట్టుకున్నప్పుడు
నవ్వొచ్చింది.
రెండంగుళాల వెడల్పులో ఇంత పడుగా!
రెండొందల దాకా లెక్కబెట్టి వదిలేసినా.
చీరకు సింగారమంతా పేకలో.
దీనికి భారమంతా పడుగు మీదే,
ఒక మనిషి ముప్పై మంది బరువై పడే
ఆ రెప్పపాటు కోసం.

పని ల్యాని ఒక మధ్యాన్నం
దాని డబ్బా విప్పి చూసినా.
లోపల చిన్న దోనె, మగ్గం మీద బట్ట చుట్టుకునేట్లాంటిదే.
పక్కన గడియారం స్ప్రింగు.
కింద గిన్నెలో గోలీకాయంత ఇనుప గుండు.
నిదానంగా లాగితే
తీసుకో నాయనా అంటుంది.
బండి టక్కున ఆగిందా,
గుండు ముందుకు పొర్లి మీటను తడుతుంది,
మీట పోయి పళ్ళచక్రంలో పడుతుంది.
అంతే. కరెంటు ల్యాదు, మంత్రం ల్యాదు.
మా నాయన కోడెదూడను ఇట్లే పట్టేవాడు:
మేసేంత సేపు పలుపు వదులు,
ఉరికితే బిగుసు.

మూలనున్న అంబాసిడరుకు బెల్టే ల్యాదు.
డ్రైవరు రొమ్మును స్టీరింగే ఆపేది.
దాని పక్క బండికి నడుముకొక పట్టీ, విమానంలో మాదిరి.
మనిషిని మధ్యకు మడిచి
కడుపు కోసేదంట.
ఆనక భుజం మీంచి ఏటవాలుగా వచ్చింది,
మా నేతగాళ్ళ జంధ్యం లాగా.
పక్క సీటోడికి ఎడమ భుజం మీద, మామూలుగా.
డ్రైవరుకు మాత్రం కుడి భుజం మీద,
పెద్దలకు నీళ్ళు వదిలేటప్పుడు మార్చుకున్నట్టు.
ఇది తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటా ఉంటా.

భుజమొకటి, తుంటి రెండు,
ఎముకలున్న చోటే మూడు పట్లు.
స్వీడన్ ఇంజినీరు ఎవరో కుదిర్చినాడంట.
హక్కు చేతిలో ఉన్నా ఆ కంపెనీ
ఎవరైనా వాడుకోండని వదిలేసిందంట.
మా వీధిలో కొత్త అంచు దించినోడు
పక్కింటి మగ్గానికి కూడా చూపించడు.

ఇప్పటి కార్లలో చిటికెడు మందు పేలి
బెల్టును ముందే వెనక్కి గుంజుతుంది.
మళ్ళీ లోపలి కడ్డీ మెలితిరిగి
పక్కటెముకలు విరగకుండా కొంచెం సడలిస్తుంది.
ఎదురంగడి మద్దిలేటి
నూటయాభైకి ఉత్త నాలుక అమ్ముతాడు.
బకిల్లో దోపితే బండి కుయ్యిమనదు.
బాగా పోతాయి అవి.

మొన్న వెల్దుర్తి కాడ గుద్దుకున్న కారు వచ్చింది.
"బెల్టు కొత్తగుంది, ఐదొందలిస్తా,
గిరాకీ నిలబడి ఉండాడు" అన్నాడు మద్దిలేటి.
బొటనవేలు పోనిచ్చినా.
భుజం కాడ జానెడు మేర
పోగులు కరిగి నున్నగైనాయి,
అంచు అలలు తేలింది.
"చినగలేదు కదప్పా?"
చినగలేదు. సాగింది.
సాగడమే దాని పని, అయిపోయింది.
ఇంకోసారి సాగను దీంట్లో ఏమీ మిగల్లేదు.
వాడు తిడతానే ఉండాడు,
కత్తెరతో రెండు ముక్కలు చేసినా.

సాయంత్రం హుసేన్‌బీ టీచరమ్మ వచ్చింది
కారులో మిగిలిన టిఫిను డబ్బా, కళ్ళద్దాల కోసం.
వంగినప్పుడు పైట జరిగింది.
కుడి జబ్బ కాడ కమిలిన చార,
నీలం మధ్యన పసుపు.
కొలవకుండానే తెలిసింది వెడల్పు.
బెల్టు సంగతి ఆమె అడగల్యా, నేను చెప్పల్యా.

ఆటో ఎక్కి కూర్చుంది.
ఆటో కదలకముందే
చెయ్యి అలవాటుగా భుజం వెనక్కి పోయి
గాలిలో వెతుక్కుంది,
ఏమీ దొరక్క
ముందరి కమ్మీని పట్టుకుంది.