జానెడెత్తు

పంపు రిపేరుకు పోయింది.
మలక్‌పేట థియేటర్ల ఇయ్యాల స్టాండే దిక్కు,
సెలైన్ సంచులు మీదికీ కిందికీ జరిపే చెయ్యి నాది.

బల్ల మీద పెంటయ్య భుజం,
ఇరవై ఏండ్లు ఉల్లిగడ్డ బస్తాలు మోసిన భుజం.
తెర మీద తెగిన పోగులు
నీళ్లల్ల నాచు లెక్క ఊగుతున్నయి.

ఉన్నట్టుండి అంతా ఎరుపు.
"జర లేపు, అనసూయా."
జానెడు లేపిన. తేటపడ్డది.
మళ్ల ఎరుపు.
ఇంకో జానెడు లేపుడు అల్కనే గని,

పోయిన ఎండకాలం బోరబండల మా గల్లీ నల్లాకు
ఒక్కపారి ప్రెషర్ పెంచిండ్రు.
పైపు పగల్లేదు; సప్పుడు లేకుంట
నీళ్లు గోడల్లకు దిగినయి.
ఆ గోడ ఇప్పటికీ ఉబ్బే ఉంది.
గోడకు నోరు లేదు,
మత్తుల ఉన్న మనిషికీ లేదు.

మత్తు డాక్టరమ్మ గుడ్డ కింద చెయ్యి పెట్టి
అతని మెడ ఒత్తి చూసింది.
"మెత్తగనే ఉంది.
నెత్తురు జోరు నేను తగ్గిస్త, నువ్వు నీళ్లు దించు."
దించిన.
తెర తెల్లగయింది.

కుట్లయినంక లెక్క రాసిన:
పోసినయి ఇరవై ఒక్క లీటర్లు,
తిరిగొచ్చినయి పంతొమ్మిదిన్నర.
మిగిలినయి అతని భుజంలనో
నా చెప్పులల్లనో.

ఇయ్యాల మా గల్లీల
నల్లా రాని దినం.